రాగి గేటు ముందు

మా ఆవిడకి ఒక పద్ధతి ఉంది. ఏ వస్తువునైనా పారేయాల్సి వస్తే తను పారేయదు. తెచ్చి నా ముందు పెట్టి, "ఇది కావాలా?" అని అడుగుతుంది. వద్దంటే పారేసిన పాపం నాది, కావాలంటే దాని దుమ్ము దులిపే పని నాది. పోయిన వారం మస్కట్‌లో వాడి కబీర్ అనే పేటలోని మా ఫ్లాట్‌లో ఇలాంటి విచారణలు రోజుకి పాతిక చొప్పున సాగాయి. వయసు మీరిందని కంపెనీ నన్ను ఇంటికి పంపిస్తోంది కాబట్టి, ముప్పై ఏళ్ళ కాపురాన్ని పెట్టెల్లోకి ఎక్కిస్తున్నాం. శుక్రవారం పొద్దున ఆవిడ బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి తెచ్చి పెట్టింది. అందులో నా పాత పాస్‌పోర్టు ఫోటోలు (అప్పుడు నాకు జుట్టుండేదని సాక్ష్యం), ఆగిపోయిన అలారం గడియారం, కాగితపు కవరులో ఒక ఫ్లాపీ. అరచేతికంటే పెద్దది, నల్లది, పట్టుకుంటే అప్పడంలా ఊగేది. దాన్ని చదవగలిగే యంత్రం ఇప్పుడు మస్కట్ మొత్తం గాలించినా దొరకదు. దాని మీద అంటించిన చీటీలో, నీలం సిరాతో, గుండ్రటి అక్షరాలతో, "గేటు ముందు" అని రాసి ఉంది. "ఇది కావాలా?" అంది ఆవిడ. నేను టీ పెట్టమన్నాను. అది జవాబు కాదని ఆవిడకీ తెలుసు.

ఆ అక్షరాలు మా స్టోర్ అన్నవి. తొంభైల మొదట్లో మస్కట్ శివార్లలోని రుసైల్‌లో ప్లాస్టిక్ పైపులు తయారుచేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో నేను డ్రాఫ్ట్స్‌మన్‌ని, ఆయన స్టోర్‌కీపర్. నాది కాకినాడ, ఆయనది జగిత్యాల దగ్గర పల్లె. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. మనిషి పొట్టి, మీసం ఒత్తు, చెవి మీద ఎప్పుడూ ఒక నీలం పెన్ను. మేనేజర్ దగ్గర్నుంచి ఊడ్చేవాడి దాకా అందరికీ ఆయన స్టోర్ అన్నే. అయితే ఆయన అసలు ప్రతిభ స్టోర్‌లో కాదు, మబేలాలో కార్మికులుండే కంపెనీ రూముల్లో బయటపడేది. ఊరికి సెలవు మీద వెళ్ళే ప్రతివాడూ వారం ముందే తన అట్టపెట్టెను ఆయన దగ్గరికి మోసుకొచ్చేవాడు. విమానంవాళ్ళు ముప్పై కిలోలే రానిచ్చేవారు. స్టోర్ అన్న ఆ పెట్టెకి తాడు బిగించి, ఒంటిచేత్తో మోకాలి ఎత్తుకి లేపి, కళ్ళు మూసుకుని, "ముప్పై ఒకటిన్నర. సబ్బులు తియ్" అనేవాడు. కాటా మీద పెట్టి చూస్తే సరిగ్గా అంతే ఉండేది. ఏ దుప్పటి మడతలో ఏ అత్తరు సీసా చుట్టాలో, ఏ చెప్పుల జతలో టార్చిలైటు దూరుతుందో ఆయనకు కంటితో చూస్తేనే తెలిసిపోయేది. చివర్న నైలాన్ తాడుతో వలలా అల్లి, ఆరు వైపులా పేరు రాసి, పెట్టెని ఒకసారి తట్టి పంపేవాడు.

ఆ రూముల్లో ప్రతి మంచం కిందా సగం నిండిన అట్టపెట్టె ఒకటి ఉండేది. కొన్న మంచి వస్తువేదైనా నేరుగా అందులోకే పోయేది. కొత్త కంబళి పెట్టెలో, చిరుగుల కంబళి ఒంటి మీద. స్టోర్ అన్నకి మెరిసే కొత్త గడియారం ఉండేది, పెట్టెలో. చేతికి మాత్రం అద్దం పగిలిపోయి, నిమిషాల ముల్లు ఎక్కడుందో ఊహించుకోవాల్సిన పాతది. దాన్నిబట్టే ఆయన సరుకు లారీలకి టైము వేసేవాడు. కొత్తది పెట్టుకోవచ్చు కదా అని ఒకసారి అడిగాను. "అది ఇంటికి పోయేటప్పటికి తమ్మీ" అన్నాడు, ఇంత చిన్న విషయం తెలియని నా అజ్ఞానానికి జాలిపడుతూ. అప్పటికి ఆయన ఒమాన్ వచ్చి తొమ్మిదేళ్ళు. రెండేళ్ళకోసారి రెండు నెలలు ఊరు, మిగతాదంతా రుసైల్.

ఇలాంటి మనిషి చేతికి కంప్యూటర్ వచ్చింది. ఇకమీదట స్టోర్ సరుకంతా అందులోనే నమోదు కావాలని మేనేజర్ నిర్ణయించాడు. వేడికి యంత్రం చెడిపోతుందని స్టోర్‌లో ఓ మూల ప్లైవుడ్ గది కట్టించి, దానికి ఏసీ పెట్టించాడు. తొమ్మిదేళ్ళు ఆ రేకుల షెడ్డులో ఉడికిన మనిషికి దొరకని ఏసీ, నిన్నగాక మొన్న వచ్చిన యంత్రానికి దొరికింది. నాకు ఒళ్ళు మండింది గానీ ఆయనకు ఏ బాధా లేదు. "దీని పుణ్యాన మనకు సల్లగాలి" అని రోజూ పొద్దున్నే దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచేవాడు. బిగించడానికి వచ్చిన మలయాళీ టెక్నీషియన్, అన్నీ సరిగా పనిచేస్తున్నాయో లేదో చూడ్డానికని రెండు ఆటలు వేసి చూపించి, ఆ ఫ్లాపీలు అక్కడే వదిలేసి పోయాడు. వేసవిలో మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా షెడ్డులో పని ఆపేవారు. ఆ వేళప్పుడు రుసైల్ కొండలు పొయ్యి మీది పెనాల్లా ఉండేవి. నేను నా టిఫిన్ క్యారియర్ పట్టుకుని, ఆయన తన కుబూస్ రొట్టె, పప్పు పట్టుకుని ఆ ప్లైవుడ్ గదిలోకి చేరేవాళ్ళం. మొదట్లో చల్లగాలి కోసమే వెళ్ళానని ఇప్పటికీ చెప్పగలను. తరవాత ఎందుకు వెళ్ళానో ఈ కథంతా అదే.

మొదటి ఆటకి ఒకటే దారి. ఒక వీరుడు, ఒక సొరంగం, తలుపు తరవాత తలుపు. పక్కకి తిరగడానికి లేదు. ఒక తలుపు కాపలావాణ్ణి పడగొడితే తరవాతి తలుపు దగ్గర అంతకంటే బలమైనవాడు ఉంటాడు. వాడికి మనం చాలకపోతే, అక్కడక్కడే తిరిగే చిల్లర శత్రువుల్ని కొట్టుకుంటూ లెవెల్ పెంచుకోవాలి. వాడు మాత్రం అక్కడే, అదే బలంతో నిలబడి ఉంటాడు, మనం తయారై వచ్చేదాకా. ఇది స్టోర్ అన్నకి తెగ నచ్చింది. "కంపెనీ బస్సు లెక్కనే ఉన్నది. ఎక్కినమంటే ఫ్యాక్టరీల దించుతది" అన్నాడు. నాకు రెండు వారాల్లో విసుగొచ్చింది గానీ, ఆయన మాత్రం ఆ ఆట నుంచి ఒక నమ్మకం మూటగట్టుకున్నాడు. ఆగి, ఓపిగ్గా బలం పెంచుకుంటే ఏ తలుపైనా తెరుచుకుంటుందని. ఆ నమ్మకం ఆయనకు ముందునుంచే ఉందని, దాన్ని పట్టుకునే తొమ్మిదేళ్ళుగా అక్కడ ఉన్నాడని నాకు అప్పుడు తెలియదు.

రెండో ఆటలో ఆరుగురి జట్టు. ఊళ్ళు, అడవులు, గుహలు, ఒక సముద్రం. ఎటైనా పోవచ్చు, ఎక్కడైనా ఎంతకాలమైనా ఉండొచ్చు. మొదటి రోజు ఆయన తెర ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"ఎటు పోవాలె?"

"ఎటైనా వెళ్ళొచ్చన్నా."

"ఎటైన అంటే ఎటు?"

"మనిష్టం."

"గిదేం కథ తమ్మీ. పని చెప్పకుంట డ్యూటీకి తోలినట్టున్నది."

అలా గొణిగిన మనిషే నాలుగో రోజుకి ఆ లోకాన్నంతా తన స్టోర్‌గా మార్చేశాడు. జట్టులో కత్తివీరుడికి మా ఫోర్‌మన్ పేరు పెట్టాడు, అరవడంలో అంతటివాడు లేడని. దొంగకి మెస్సులో వంటవాడి పేరు, కారణం మెస్సులో తిన్నవాళ్ళందరికీ తెలుసు. బల్లెంవాడు తనే. మాంత్రికుడు నేను. ఒక విలుకాడికి లారీ డ్రైవర్ పేరు పెట్టాడు. ఆరో మనిషి గాయాలు మాన్పే వైద్యురాలు. ఆమె పేరు మాత్రం నన్నడగకుండా, ఒక్కో అక్షరాన్ని వేలితో వెతుక్కుంటూ తనే టైపు చేశాడు. ఆమెని ఎప్పుడూ వెనక వరసలోనే నిలబెట్టేవాడు. దెబ్బ తగిలే చోటికి రానిచ్చేవాడు కాదు.

చచ్చిన శత్రువు దగ్గర సామాను దొరుకుతుంది. కత్తులు, డాళ్ళు, ఉంగరాలు, చర్మాలు. దీన్ని ఆటలో లూట్ అంటారని చెబితే మొహం చిట్లించి, "లూటీ కాదు, మాల్ వచ్చింది అను" అని, దొరికిన ప్రతిదాన్నీ స్టోర్ కార్డుల మీద ఎక్కించేవాడు. ఎవరు ఎంత బరువు మోయగలరో ఆటలో లెక్క ఉండేది. ఇంకేం కావాలి ఆయనకి. ఫోర్‌మన్ సంచీలోంచి ఒక ఇనప టోపీ తీసి వంటవాడికిచ్చి, వంటవాడి తాడు నాకిచ్చి, ఆరు సంచీలూ అంచుదాకా నింపేవాడు. మా జట్టు ఎప్పుడు చూసినా సెలవు మీద ఊరికి వెళ్తున్నట్టే ఉండేది. మంచి కత్తి దొరికితే అది సంచీలోకి, మొండి కత్తి చేతిలో. ఎర్ర మందు సీసాలు అరుదుగా దొరికేవి. ఒక్కటి తాగిస్తే చావుబతుకుల్లో ఉన్నవాడు లేచి నిలబడతాడు. అవి పదకొండు పోగయ్యాయి. పదకొండూ వైద్యురాలి సంచీలో భద్రంగా ఉండేవి, ఆఖరి లడాయికని.

ఆఖరి లడాయి రాగి గేటు దగ్గర. ఉత్తరాన కొండల్లో ఉన్న ఆ గేటు వెనక రాక్షసుల రాజు ఉంటాడు, వాడు చస్తే ఆట అయిపోతుంది. ఆ గేటుకీ స్టోర్ అన్న జీవితానికీ ముడి పడిన రోజు నాకు బాగా గుర్తుంది. ఆ రోజుల్లో రూముల్లోని మగవాళ్ళకి ఇంటినుంచి ఉత్తరాలకంటే ఎక్కువగా క్యాసెట్లు వచ్చేవి. సెలవునుంచి తిరిగొచ్చే ఎవరో ఒకరు జేబులో వేసుకొచ్చేవారు. ఆయనకు వచ్చిన క్యాసెట్ టేపు చుట్టుకుపోతే, పెన్సిల్‌తో తిప్పి సరిచేసి, సరిగా ఉందో లేదో చూద్దామని నేనే మీట నొక్కాను. ఒక ఆడమనిషి గొంతు ముందు తన పేరు చెప్పుకుంది. అది మా వైద్యురాలి పేరు. తరవాత, "ఇగ వస్త, అగ వస్త అని నువ్వు చెప్పవట్టి ఆరు క్యాసెట్లాయె. బోరు పడ్డది, స్లాబు పడ్డది. ఇంకేం పడాలె? నువ్వొచ్చి పడు" అంది. వెనక ఎక్కడో కోడి కూసింది, ఆమె దాన్ని కూడా తిట్టింది. స్టోర్ అన్న నవ్వాడు, నవ్వి తెర వైపు తిరిగాడు.

"తమ్మీ, ఈ ఆట అయిపోంగనే క్యాన్సిల్ కొట్టిచ్చుకుంట. ఇంటికి పోత. మల్ల రాను."

ఉద్యోగం రద్దు చేయించుకుని పూర్తిగా వెళ్ళిపోవడాన్ని అక్కడ అందరూ క్యాన్సిల్ అనేవారు. ఆ మాట ప్రతి రూములో ప్రతివాడూ ఏదో ఒక దానికి ముడిపెట్టి వాయిదా వేసేవాడే. ఆటకి ముడిపెట్టినవాణ్ణి మాత్రం ఈయన్నే చూశాను. నేను నవ్వులాటనుకున్నాను. కానీ ఆ మధ్యాహ్నమే నా ముందే జవాబు క్యాసెట్‌లో, "ఈడ ఒక పనున్నది. అది ఒడువంగనే ఇంటికొస్త" అని చెప్పాడు. అదేం పనో చెప్పలేదు. జగిత్యాల దగ్గర ఒక పల్లెలో ఒక ఇల్లాలు, తనకు తెలియకుండానే, రుసైల్‌లోని ఒక ఫ్లాపీ మీద ఆశ పెట్టుకుని కూర్చుంది.

ఎనిమిదో లెవెల్లో మొదటిసారి ఆ గేటు తెరిచాం. రాజు చుట్టూ ఏడుగురు రాక్షసులు. మేము పట్టుమని ఒక నిమిషం నిలవలేదు, ఇది ఆఖరిది కాదులే అని ఒక్క సీసా కూడా తీయనివ్వకుండా ఆయన జట్టుని గేటు బయటికి పరిగెత్తించాడు. "లెవెల్ సాల్తలేదు" అన్నాడాయన, ఆ మొదటి బస్సాట నేర్పిన పాఠం ప్రకారం. వెనక్కి వచ్చి అడవుల్లో, గుహల్లో తిరిగి, పదకొండో లెవెల్ చేసుకుని వెళ్ళాం. మళ్ళీ అదే గతి. పద్నాలుగు చేసుకుని వెళ్ళాం. మళ్ళీ అదే. "పోయినసారి గింతమంది లేకుండె గద?" అని ఒకసారి అనుమానపడ్డాడు. మీకు గుర్తులేదన్నాను. ఇందులో నా స్వార్థం ఉందని ఒప్పుకుంటాను. అప్పటికి నాకు పెళ్ళి కాలేదు, నా రూమ్‌లో ఉన్న ఇద్దరికీ నా భాష రాదు. ఆ ప్లైవుడ్ గదిలోని రెండున్నర గంటలే నా రోజు మొత్తంలో నేను మనిషిగా బతికిన వేళ. ఇంకో గుహ ఉందన్నా, ఇంకో దీవి ఉందన్నా అంటూ నేనే దారులు వెతికి పెట్టేవాణ్ణి. ఎటైనా పోగలిగే లోకంలో ఉన్న సుఖమూ అదే, ప్రమాదమూ అదే. వెళ్ళాల్సిన చోటు తప్ప మిగతా అన్ని చోట్లకీ వెళ్ళొచ్చు.

అలాంటి ఒక గుహలో సాలీళ్ళు మీదపడ్డాయి. అవి మామూలు సాలీళ్ళే, మొదట్లో వాటిని ఆడుతూ పాడుతూ చంపేవాళ్ళం. ఆ రోజెందుకో గుర్రాలంత ఉన్నాయి. ముందు వరస ఒరిగిపోయింది. వైద్యురాలు మొదటిసారి సాలీళ్ళకి ఎదురుగా నిలబడింది.

"సీసా తాగించండన్నా."

"వద్దు. గవి గేటుకు."

"ఒక్కటన్నా."

"వద్దన్న గద తమ్మీ."

ఆమె చచ్చిపోయింది. ఆ ఆటలో ఎవరు చచ్చినా వాళ్ళ బొమ్మ బూడిద రంగుకి మారి, కింద వాళ్ళ సంచీలోని సరుకు జాబితా వస్తుంది. ఆమె పేరు, ఆ పేరు కింద ఎర్ర మందు సీసాలు పదకొండు. నేను గబగబా సేవ్ ఫ్లాపీ పెట్టి, పొద్దుటి స్థితికి తీసుకొచ్చి, ఆమెని బతికించాను. నిమిషం పట్టింది. తిరిగి చూస్తే ఆయన కుర్చీలో లేడు. అంత ఎండలో షెడ్డు బయట పైపుల కుప్ప మీద కూర్చుని ఉన్నాడు. ఆ తరవాత రెండు రోజులు గదిలోకి రాలేదు. పైపులు కోసే మిషన్ పక్కన కూర్చుని కుబూస్ తిన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆట బొమ్మ కోసం ఒక పెద్దమనిషి ఇంత బాధపడతాడా అని ఎవరైనా నవ్వుంటే కొట్టేవాణ్ణి.

ఆ రెండు రోజులూ ఒక్కణ్ణే కూర్చుని, తోచక, కొత్త జట్టు ఒకటి కట్టాను. ఒంటి మీద సరైన చొక్కా కూడా లేని రెండో లెవెల్ పిల్లకాకుల జట్టు. ఎవరితోనూ పోట్లాడకుండా, తప్పించుకుంటూ నేరుగా రాగి గేటుకి పరిగెత్తించాను. చావడానికే తెరిచాను. లోపల రాజు పక్కన ఉన్నది ఇద్దరే రాక్షసులు, వాళ్ళూ బక్కవాళ్ళు. రాజు కూడా జ్వరం పడి లేచినవాడిలా ఉన్నాడు. దాదాపు గెలిచినంత పని చేశాం. నమ్మకం కుదరక మళ్ళీ చేశాను. తరవాత పాత ఫ్లాపీలన్నీ ఒక్కొక్కటే పెట్టి కొలిచి, గళ్ళ కాగితం మీద గీశాను. గీతలు గీయడమే కదా నా ఉద్యోగం. మా లెవెల్ గీత పైకి పోతుంటే, రాక్షసుల గీత దాని పక్కనే, అంతే ఏటవాలుగా పైకి పోతోంది. ఆటగాడికి విసుగు రాకూడదని ఆట కట్టినవాడెవడో చేసిన ఏర్పాటు అది. మనం ఒక మెట్టెక్కితే వాళ్ళూ ఒక మెట్టెక్కుతారు. పెరగనిది ఒకటే, ఎర్ర సీసా. రెండో లెవెల్లో ఒక్క సీసా తాగితే ప్రాణం మొత్తం తిరిగొస్తుంది. పద్నాలుగో లెవెల్లో అదే సీసా మూడోవంతు కూడా నింపలేదు. దాచినకొద్దీ దాని బలం తరిగిపోతోంది.

ఈ సంగతి ఆయనకి వెంటనే చెప్పానని రాయాలని ఉంది, కానీ చెప్పలేదు. ఆయన మూడో రోజున మామూలుగా వచ్చి కూర్చుని, "పా, ఇంకో రెండు లెవెల్లు పెంచుదాం" అన్నాడు. నేను సరే అన్నాను. కాగితం మడిచి సొరుగులో పెట్టి, పది రోజులు ఆయనతో అడవుల్లో తిరిగాను. అప్పుడు ఏడో క్యాసెట్ వచ్చింది. ఆయన పూర్తిగా వినిపించలేదు, మొదటి మాట మాత్రం నా చెవిన పడింది. "ఆ పని ఎంతదాక వచ్చింది?" అని అడుగుతోంది ఆమె, ఈసారి తిట్టకుండా. తిట్టి ఉంటే ఇంకో పది రోజులు లాగేవాణ్ణేమో. సొరుగు తీసి కాగితం ఆయన ముందు పెట్టాను.

చెవి మీది పెన్ను తీసి, సరుకు దిగినప్పుడు చలానా చూసినట్టు, గీత మీద గీత చొప్పున మొత్తం చూశాడు.

"మంచిగ కొల్సినవా?"

"మూడుసార్లు కొలిచానన్నా."

"అంటే ఎన్నడు పోయినా గంతే."

"అంతే. ఇంకా ఆగితే సీసాలు కూడా పనికిరావు."

కాగితాన్ని బల్ల మీద పరిచి అరచేత్తో చదును చేశాడు. తరవాత ఆయన నాతో కాక ఆ కాగితంతో మాట్లాడుతున్నట్టు, "బోరు అయినంక పోదామనుకున్న. బోరు అయినంక స్లాబు ముందలికొచ్చె. స్లాబు అయినంక తమ్మునికి ఆటో అన్నరు. నేను ఒక మెట్టెక్కితే అది గూడ ఎక్కుతాంది. నాకే లెవెల్ సాల్తలేదనుకున్న" అన్నాడు. నేను లెక్క గట్టింది ఆట గురించే. అది ఆయన తొమ్మిదేళ్ళకి సరిపోతుందని నేననుకోలేదు.

మర్నాడు ఆయన చేతికి కొత్త గడియారం ఉంది. పొద్దున పదింటికి మేనేజర్ గదిలోకి వెళ్ళి, పావుగంటలో బయటికి వచ్చాడు. జీతం పెంచుతాను, ఇంకో రెండేళ్ళు ఉండమన్నాడట మేనేజర్. "పెంచుతడు తమ్మీ, ఎందుకు పెంచడు. గదే గద కథ" అన్నాడు నవ్వుతూ. కాగితాలకు ఆరు వారాలు పట్టింది. ఆ ఆరు వారాలూ మేము ఆట ముట్టుకోలేదు. లెవెల్ పొరపాటున పెరుగుతుందని ఆయన భయం.

వెళ్ళిపోయే ముందు ఆఖరి బుధవారం మధ్యాహ్నం గేటు దగ్గరికి వెళ్ళాం. గేటు తెరవకముందే అక్కడ ఆగి, ఒక కొత్త ఫ్లాపీ మీద సేవ్ చేయించి, తన చేత్తోనే చీటీ రాసి అంటించాడు. సంచీల్లోంచి మంచి కత్తులన్నీ తీసి అందరి చేతుల్లో పెట్టాడు. మా ఫోర్‌మన్ అంత సింగారంగా ఎన్నడూ లేడు. అప్పుడు గేటు తెరిచాం. ఈసారి ఎవరికి చిన్న దెబ్బ తగిలినా, "తాపియ్యి" అనడమే. "గింత దెబ్బకేనా అన్నా" అంటే, "తాపియ్యి తమ్మీ, ఇంకెప్పటికి" అనేవాడు. పదకొండు సీసాలూ అయిపోయాయి. ఫోర్‌మన్ పడ్డాడు, డ్రైవర్ పడ్డాడు, నేనూ పడ్డాను. చివరికి బల్లెంవాడు, దొంగ, వైద్యురాలు మిగిలారు, రాజు కూలాడు. తెర మీద అభినందనలంటూ మూడు లైన్ల ఇంగ్లీషు వచ్చి, వెంటనే అంతా నల్లబడి, మూల ఒక చిన్న గీత మిణుకుమంటూ నిలిచింది. "గింతేనా?" అన్నాడు. అంతే అన్నాను. "దీనికా ఆమెను గిన్ని దినాలు ఆపింది" అని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. నేనూ నవ్వాను. మూడింటికి గంట కొట్టినప్పుడు ఇద్దరమూ కళ్ళు తుడుచుకునే బయటికి వచ్చాం.

సీబ్ విమానాశ్రయంలో ఆయన పెట్టె కాటా మీద ఇరవై ఒక్క కిలోలే తూగింది. సాగనంపడానికి వచ్చినవాళ్ళందరూ విడ్డూరంగా చూశారు, ముప్పైకి పావు తక్కువైతే ఒప్పుకోని మనిషి కదా. పెట్టెలో ఉండాల్సిన సరుకు ఆయన ఒంటి మీదే ఉంది. కొత్త చొక్కా, కొత్త బూట్లు, గడియారం, పది అడుగుల దూరానికి కొట్టే అత్తరు. కొత్త కంబళి రూములో ఎవరికో ఇచ్చేశాడు. నా చేతిలో ఫ్లాపీ పెట్టి, "నీకు మల్ల ఆడబుద్ధయితే. సీసలన్నీ అండ్ల గట్లనే ఉన్నయి" అన్నాడు. లోపలికి వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "నువ్వు మంచిగ కొలుస్తవు తమ్మీ. నీది గూడ కొల్సుకో. పైలం" అన్నాడు. అప్పుడు నాకు ఇరవై ఏడేళ్ళు. నవ్వి చెయ్యి ఊపాను.

మరుసటి ఏడాది నాకు పెళ్ళయింది. మా ఆవిడ వచ్చింది. అయిదేళ్ళుండి వెళ్ళిపోదామని ఇద్దరం గట్టిగా అనుకున్నాం. అయిదేళ్ళకి పాప బళ్ళో చేరింది, వాడి కబీర్ బడి బస్సు సరిగ్గా మా ఫ్లాట్ ముందే ఆగేది, ఎలా వదులుకుంటాం. తరవాత బాబు. తరవాత నేను చీఫ్ డ్రాఫ్ట్స్‌మన్‌ని. తరవాత కాకినాడలో స్థలం, స్థలం మీద ఇల్లు, ఇంటి మీద ఇంకో అంతస్తు. ఆ గళ్ళ కాగితం గీసింది నేను. దాని ప్రకారం నడిచింది ఆయన. నేను గేటు ముందే ఇంకో ముప్పై ఏళ్ళు లెవెల్ పెంచుకుంటూ కూర్చున్నాను, చివరికి వయసు నిబంధన వచ్చి నెట్టేదాకా. నాకు ఇందులో పెద్ద దుఃఖమేమీ లేదు, మంచి కాపురమే చేశాం. కానీ ఆ నీలం అక్షరాలు చూడగానే దొరికిపోయిన దొంగలా అనిపించింది.

టీ తాగి ఫోన్ చేశాను. ఏడాదికి రెండుసార్లయినా మాట్లాడుకుంటాం. ఊళ్ళో ఎరువుల కొట్టు పెట్టుకుని, ఈమధ్యే దాన్ని అల్లుడికి అప్పగించాడు. ఫోన్ ఆమె ఎత్తింది. క్యాసెట్‌లో విన్న గొంతే, కాస్త బొంగురుపోయింది. "నీ దోస్తు పైన టెర్రస్ మీద మిరపకాయలు తూకమేస్తుండు. కాటా లేకుంట" అంది. ఆయన లైన్లోకి రాగానే ఫ్లాపీ దొరికిందని చెప్పాను. "అండ్ల ఆమె ఇంక సీసలు పట్టుకొనే నిలవడ్డదా?" అన్నాడు. అవునన్నాను. "ఇప్పుడన్న తాపియ్యి తమ్మీ" అన్నాడు, వెనకనుంచి ఆమె ఎవర్నో తిడుతుంటే.

ఫోన్ పెట్టేసేసరికి మా ఆవిడ ఇంకో అట్టపెట్టె తెచ్చి నా ముందు పెట్టి ఉంది. ఆవిడ వచ్చిన మొదటి ఏడాది రువీ బజార్లో ముచ్చటపడి కొన్న పింగాణీ పళ్ళేలు, అంచున సన్నటి బంగారు గీత. ఇంటికి వెళ్ళాక వాడుకుందామని టేపు కూడా విప్పలేదు. మూడు ఫ్లాట్లు మారాం, మూడుసార్లూ చంటిపిల్లని ఎత్తుకున్నట్టు మోశాను. "దీన్ని ఓడలో వేద్దామా, చేత్తో తీసుకెళ్దామా?" అంది. నేను కత్తెర అడిగాను. ఆవిడ ఒక్కసారి నా మొహంలోకి చూసి తెచ్చిచ్చింది. ఆ మధ్యాహ్నం సగం ఖాళీ అయిన వంటింట్లో, నేల మీద పాత పేపరు పరుచుకుని, ఆ పళ్ళేల్లో పప్పన్నం, ఆవకాయ తిన్నాం. ఆవిడ రెండోసారి నెయ్యి వేసుకుని, అన్నం మామూలుగానే ఉంది కదా అంది. పళ్ళేలకి ఎక్కడా చిన్న పెచ్చు కూడా ఊడలేదు. వాటిని దాచిన ముప్పై ఏళ్ళే మళ్ళీ చేతికి రాలేదు.